పాలు కాదు, నూనె

పోయిన వారం నస్రుల్లాబాద్ దగ్గర, మాతో పనిచేసిన నర్సు ఊళ్ళో ఆమె పదకొండో రోజు భోజనాలయ్యాయి. షామియానా కింద కుర్చీల్లో కూర్చున్న నలుగురిలో ఒకాయన, మా ఆసుపత్రిలోనే ల్యాబు చూసి రిటైరైన మనిషి, పళ్ళు కుట్టుకుంటూ అన్నాడు: "మనిషి బంగారమే గని నోరు ఆగకపోవు. గా నోటి వల్లనే ఒక పేషెంట్ పానం పోతుండె." పక్కనున్నవాళ్ళు తలలూపారు. "అవునంట, నేను గూడ ఇన్న" అన్నాడొకడు.

ఆ మాట నాకు కొత్త కాదు. అది నా మాట. ఆరేళ్ళ కింద బాన్స్‌వాడలో మా నర్సింగ్ హోం మెట్ల మీద నిలబడి మొదటిసారి అన్నది నేనే. అప్పటినుంచి అది నోళ్ళు మారుతూ, ఒక్క అక్షరం అరగకుండా ఆమె పదకొండో రోజు దాకా వచ్చింది. అక్కడే లేచి అది అబద్ధమని చెప్పాల్సింది. చెప్పలేదు. చెయ్యి కడుక్కుని కారెక్కాను. కాలువ గట్టు వెంబడి బాన్స్‌వాడకు తిరిగి వస్తూ, కనీసం రాయాలని అనుకున్నాను.

నేను సర్జన్ని. వయసు యాభై దాటింది. ఆమె మా ఐసీయూలో పెద్ద నర్సు. వాచ్‌మన్ నుంచి మా పార్ట్‌నర్ డాక్టర్ల దాకా అందరూ 'పెద్దక్క' అనేవారు. నేనొక్కణ్ణే 'సిస్టర్' అనేవాణ్ణి. ఆమె నాకంటే ఏడెనిమిదేళ్ళు పెద్దది, పనిలో అంతకంటే పెద్దది. అక్క అని పిలిస్తే ఆ సంగతి ఒప్పుకున్నట్టవుతుందని కాబోలు, పిలవలేదు.

ఆమెను తలుచుకుంటే ముందు కిటికీ గుర్తొస్తుంది. పేగు కోసిన రోగులు కొందరు వారాల తరబడి నోటితో ఏమీ తినలేరు. వాళ్ళకు తిండి నరంలోంచే వెళ్ళాలి: చక్కెర నీళ్ళు, ప్రొటీన్ నీళ్ళు, వాటితోపాటు కొవ్వు. ఆ కొవ్వు సీసా తెల్లగా, చిక్కగా ఉంటుంది. దాన్ని తగిలించే ముందు ఆమె తూర్పు కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి, వెలుతురుకు ఎత్తిపట్టి, మెల్లగా ఒక పక్కకు, మళ్ళీ ఇంకో పక్కకు వంచేది. ఎప్పుడూ గిలకొట్టేది కాదు. గడియారం మణికట్టు లోపలివైపుకు పెట్టుకునేది, సీసా పట్టుకున్న చేత్తోనే టైం కనబడాలని. ఒకసారి ఎవరో నర్సు ఆ సీసాలోకే వేరే ఇంజెక్షన్ కలిపేసింది. పైన సన్నటి పచ్చని వలయం తేలింది. పెద్దక్క మారుమాట లేకుండా సీసా మొత్తం సింకులో వొంపేసింది. మందుల షాపతను లబోదిబోమన్నాడు.

"చల్లల వెన్న తేలినట్టు తేలింది. ఇగ అది మందు గాదు తమ్మీ" అంది ఆమె. ఆ నర్సును తిట్టలేదు. ఆ పూటంతా పక్కన నిలబెట్టుకుని, ఏ మందు దేంట్లో కలపకూడదో అప్పజెప్పించుకుంది.

తెల్లగా ఉంటుంది కనక రోగి తాలూకు వాళ్ళంతా దాన్ని పాలసీసా అనేవారు. కొంతమంది చేత్తో తాకి కళ్ళకద్దుకునేవారు కూడా. ఆ పిలుపు ఆమెకు పడేది కాదు. ఎన్ని పనులున్నా ఆగి దిద్దేది. ఆ మాటలు ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు.

"అక్కా, పాలసీస ఒడ్సిపోయింది, సూడవా?"

"పాలు గాదు బిడ్డా, నూనె."

"నూనెనా! నరంల నూనె పోస్తరా?"

"పోస్తరు. సోయ నూనె. గుడ్డు సొనతోని నీళ్ళల్ల కలుపుతరు, అందుకే తెల్లగ కనవడ్తది."

"సోయంటే, మా చేన్ల ఏస్తమే, గదేనా?"

"గదే. నువ్వు పండిచ్చిందే మల్ల నీ తమ్ముని నరంలకు వోతుంది. ఫికర్ జెయ్యకు."

ఇంత చెప్పడం ఎందుకని ఒకసారి విసుక్కున్నాను. "పాలనుకుంటే నష్టమేంటి సిస్టర్?" అన్నాను. "పాలనుకుంటే పాలు పడతయా లేదా అని సూసుకుంటరు సార్. గుడ్డు సంగతి చెప్పరు" అంది.

సీసా ఎక్కించే ముందు ఆమె అడిగే ప్రశ్నలు మూడు. గుడ్డు పడుతుందా, సోయ పడుతుందా, చేప పడుతుందా. "మేం ముట్టమమ్మా" అని ఎవరైనా అంటే, "ముట్టకపోవుడు వేరు, పడకపోవుడు వేరు. రెండు చెప్పుండ్రి" అనేది. ఒక్కరిని అడిగి ఊరుకునేది కాదు. వర్ని నుంచి ఒక అమ్మాయి వచ్చింది, కోస్తా నుంచి వచ్చి స్థిరపడ్డ రైతుల బిడ్డ. కొవ్వు ఎక్కించమని నేను కాగితం రాసేశాను. తల్లి "మాకు గుడ్డు శుభ్రంగా పడుద్దండీ" అంది. పెద్దక్క ఆ పక్కనే బెంచీ మీదున్న అమ్మమ్మను కూడా అడిగింది. ఆవిడ కూతురి మీద మండిపడింది: "ఏం శుభ్రమే? అయిదో ఏట కేకు తిని మొహం పనసకాయంత వాచిపోలా దీనికి? నిజాంబాద్ పరిగెత్తలా?"

ఆమె కాగితం పట్టుకుని నా గదికి వచ్చి బల్ల మీద పెట్టింది. "సార్, ఇది కొట్టెయ్యుండ్రి" అంది, అంతే. కొట్టేశాను. రెండ్రోజుల్లో ఆ పిల్ల నోటితో గంజి తాగింది. కొవ్వు సీసా అవసరమే రాలేదు.

సీసా కొత్తగా మొదలుపెట్టిన మొదటి అరగంట స్టీలు స్టూలు లాక్కుని రోగి పక్కనే కూర్చునేది. చుక్క చాలా నెమ్మదిగా పడాలి. వణుకొస్తుందా, ఒళ్ళు దద్దుర్లు లేస్తున్నాయా, ఊపిరి బరువవుతుందా అని చూసేది. కుర్రనర్సులు నవ్వితే, "కొత్త సుట్టం ఇంట్లకొచ్చిండే. కాళ్ళు కడుక్కునేదాకనన్న పక్కకు కూసోవద్దా?" అనేది. ఎన్నో రోజులు చక్కెర నీళ్ళ మీదే ఉన్న రోగి వస్తే, బొటనవేలితో మోకాలి కింద చర్మం రుద్ది చూసేది. పొలుసు రాలితే నా వైపు తిరిగి, "తోలు నూనె అడుగుతుంది సార్" అనేది. నేను పుస్తకాల్లో చదివింది ఆమె వేలితో చదివేది.

అలాగని ఊరికే వేలి మీద ఆధారపడే మనిషి కాదు. ప్రతి మందు డబ్బాలో మడిచి పెట్టే చీమతలల అక్షరాల కాగితాన్ని చించి పారెయ్యకుండా, చదును చేసి బల్ల అద్దం కింద పెట్టుకునేది. ఇంగ్లీషు కూడబలుక్కుని చదివేది. తెలియని చోట బీఫార్మసీ చదివే కూతురికి ఫోన్ చేసేది. సోయ నూనె ఒక్కటే ఉన్న మందుకూ, కొబ్బరి, ఆలివ్, చేప నూనెలు కలిపిన మందుకూ తేడా ఏమిటో మా జిల్లాలో ఆమెకంటే సులువుగా చెప్పగలిగినవాళ్ళను నేను చూడలేదు. "రెండు మూడు దినాలకయితే ఏదైన ఒకటే సార్. నెలలు వడ్తదంటేనే నూనె సూసుకోవాలె. ఒక్క సోయనే రోజు పోతుంటే కార్జం అలుస్తది" అనేది. కాలేయం అని నేను మూడేళ్ళు చదువుకున్నదాన్ని ఆమె కార్జం అనేది.

ఇక అసలు సంగతి.

మహారాష్ట్ర సరిహద్దు వైపు ఊరి నుంచి ఒక రైతును తెచ్చారు. నలభై ఏళ్ళుంటాయి. పేగు మెలిపడి నల్లబడిపోయింది. చాలా భాగం కోసేశాను. కుట్టిన చోట కారడం మొదలైంది. నోటితో చుక్క నీళ్ళు కూడా వద్దనుకున్నాం. మెడలో తులసిమాల, ఏటా పంఢర్‌పూర్ విఠలుని గుడికి నడిచిపోయే మనిషి. ఇంట్లో ఎవరూ మాంసం, గుడ్డు ముట్టరు. తెల్లసీసా మొదలుపెట్టిన రెండు రోజులూ పెద్దక్క సెలవులో ఉంది, అన్న కూతురి పెళ్ళికి వెళ్ళింది. రోగి తమ్ముడు సీసా చూపించి "గిదేంది సాబ్?" అని అడిగాడు. గుడ్డు అంటే గొడవవుతుందని, నాకు టైం లేదని, "పాల లాంటిదే" అన్నాను.

ఆమె సెలవు నుంచి వచ్చీ రాగానే తన మూడు ప్రశ్నలూ అడిగింది. తమ్ముడు నవ్వి, మరాఠీలో అక్కను పిలిచినట్టు పిలిచి అన్నాడట: "డాక్టర్ సాబ్ పాలే అన్నడు గద తాయీ." ఆమె నా గదికి వచ్చి తలుపు దగ్గరగా వేసింది.

"పాలని చెప్పిండ్రా సార్?"

"ఇప్పుడవన్నీ ఎందుకు సిస్టర్? ప్రాణం మీదున్నడు. జర తేరుకున్నంక చెప్త."

"నేను చెప్తే మీ మాట తప్పయితది. మీరే చెప్పుండ్రి" అంది.

అప్పటినుంచి ప్రతి పొద్దున రౌండ్స్ అయ్యాక, చార్టు నా చేతికిస్తూ గొంతు తగ్గించి ఒకే మాట అడిగేది: "చెప్పిండ్రా సార్?" నేను "చెప్త" అనేవాణ్ణి. ఆమె చార్టు తీసుకుని వెళ్ళిపోయేది. మరుసటి రోజు మళ్ళీ, "చెప్పిండ్రా సార్?" కోపం లేదు, ఎత్తిపొడుపు లేదు. జ్వరం ఎంతుందో అడిగినట్టు అడిగేది.

మూడో వారంలో, ఒక సోమవారం, చార్టుతోపాటు ఇంకో మాట చెప్పింది. "సార్, ఇరవై దినాలాయె. రోజు గిదే సోయ. కండ్లల్ల పచ్చ వడుతుంది, వెలుతుర్ల సూడుండ్రి. సోయ తగ్గిద్దాం, చేప నూనె కలిసింది తెప్పిద్దాం. హైదరాబాద్ పెద్ద సార్‌కు ఒక్క ఫోన్ జెయ్యుండ్రి."

"జాండిస్‌కు వంద కారణాలుంటయ్ సిస్టర్" అన్నాను. అది నిజమే. స్కాన్ చేయించాను, యాంటీబయాటిక్ మార్చాను. కాని ఫోన్ మాత్రం చెయ్యలేదు. నర్సు చెప్పిందని ఫోన్ చేసినట్టవుతుందనిపించింది. మంగళవారం, బుధవారం, గురువారం అలాగే పోయాయి. శుక్రవారం కళ్ళు ఎవరికైనా కనబడేంత పచ్చగా ఉన్నాయి. ఫోన్ చేశాను. నాకు సర్జరీ నేర్పిన ఆ పెద్ద సార్ రెండు నిమిషాలు విని, ఆమె అన్న మాటే అన్నాడు: సోయ ఆపు, చేప నూనె కలిసింది పెట్టు, కారడం తగ్గితే నోటితో కొద్దికొద్దిగా మొదలుపెట్టు. "ఇన్నిరోజులు ఎందుకు చూశావ్?" అని కూడా అన్నాడు. ఆ చివరి మాట నేనెవరికీ చెప్పలేదు.

శనివారం మధ్యాహ్నం హైదరాబాద్ బస్సు పార్సిల్‌లో సీసాలొచ్చాయి. ఎండలో పడి ఉంటాయని ఆమే బస్టాండుకు వెళ్ళి తెచ్చుకుంది. ఎక్కించమన్నాను.

"మెడల తులసిమాల ఉంది సార్. అడగకుంట ఎక్కియ్య."

"అడిగితే వద్దంటడు."

"అంటే అప్పుడు సూద్దాం. పానం ఆయనది గద."

"సిస్టర్, ఇది ఆర్డర్."

"ఆర్డర్ రాయుండ్రి సార్. ఎక్కిస్త. అడిగినంక ఎక్కిస్త."

నేను తెర పక్కన నిలబడిపోయాను. ఆమె స్టూలు లాక్కుని సీసా ఒళ్ళో పెట్టుకుంది.

"అన్నా, గిది సూడు. గిండ్ల నాలుగు నూనెలున్నయ్. సోయ, కొబ్బరి, ఆలివ్ అని బయటి దేశంది ఒకటి. ఇంకోటి చేప నూనె."

అతని చెయ్యి మెల్లగా మాల మీదికి వెళ్ళింది. "చేపనా తాయీ?"

"చేపనే. ఇంకో మాట గూడ ఉంది. గిన్ని దినాల సంది ఎక్కింది గూడ పాలు గాదు. సోయ నూనె. అండ్ల గుడ్డు సొన ఉంటది. దీంట్ల గూడ ఉంటది."

అతను కళ్ళు మూసుకున్నాడు. అలాగే అన్నాడు: "డాక్టర్ సాబ్ పాలన్నడు."

నేను తెర పక్కనున్నానని ఆమెకు తెలుసు. తిరిగి చూడలేదు. "డాక్టర్ సాబ్ నీ పానం కోసం ఆగమైండు అన్నా. గప్పుడు ఏది నోట్లకొస్తే గది అన్నడు" అంది.

"ఇది వద్దంటే?"

"వద్దంటే సోయ బాగ తగ్గిస్తం. వారంల రెండుసార్లు ఇస్తం. దానితోని గూడ కోలుకుంటవు కావచ్చు. దీనితోనయితే కార్జానికి ఇంక మంచిదంటున్నరు. తప్పకుంట తగ్గుతదని మాత్రం నేను చెప్ప."

"నా జాగల నువ్వుంటే ఏం జేస్తవ్ తాయీ?"

"నేను ఐతారమొస్తే కోడి తింట. నన్నడిగితే ఏం ఫాయిద?"

అతను నవ్వాడు. ఇరవై అయిదు రోజుల్లో అదే మొదటి నవ్వు. "నవ్వియ్యకు తాయీ, కుట్లు గుంజుతున్నయ్" అన్నాడు, పొట్ట పట్టుకుని.

తర్వాత భార్యను పిలిపించుకున్నాడు. ఊళ్ళో భజన పెద్దకు ఫోన్ చేయించాడు. పొద్దు గూకక ముందే పెద్దక్కను రమ్మన్నాడు. మాల తీసి భార్య చేతిలో పెట్టాడు. "పంఢర్‌పూర్ పోయి మల్ల ఏసుకుంట. విఠలునికి నేను చెప్పుకుంట. ఎక్కియ్యి తాయీ" అన్నాడు. ఆమె సీసాను కిటికీ దగ్గరికి తీసుకెళ్ళింది.

ఆమె అడగడం వల్ల ఆగింది అయిదు గంటలు. ఆ అయిదు గంటలూ చక్కెర నీళ్ళు, ప్రొటీన్ నడుస్తూనే ఉన్నాయి. అయిదు గంటలు నూనె లేనంత మాత్రాన ఎవరికీ ఏమీ కాదు. సర్జన్ని, ఆ సంగతి నాకు బాగా తెలుసు.

ఆదివారం పొద్దున్నే చలి, జ్వరం, బీపీ పడిపోయింది. మెడ నరంలో వేసిన పైపు నుంచి ఇన్‌ఫెక్షన్ ఎక్కింది. నూనెకూ దానికీ సంబంధం లేదు. అంబులెన్స్‌లో హైదరాబాద్ పంపించాం. అంబులెన్స్ కదిలేసరికి ఊరి నుంచి ఇరవై మంది వచ్చారు. మెట్ల మీద నన్ను చుట్టుముట్టారు. మా పార్ట్‌నర్ డాక్టర్లూ వచ్చారు. "నెల రోజులు పెట్టుకొని ఇప్పుడు పంపుతరా? ఏమైంది సాబ్?" అని ఊరివాళ్ళు గట్టిగా అడిగారు. భయపడ్డాను. సోమవారం నుంచి శుక్రవారం దాకా పోగొట్టిన రోజులు ఎక్కడ బయటపడతాయోనని భయపడ్డాను. నా నోట్లోంచి ఇలా వచ్చింది: "మా సిస్టర్ ఆయనకు ఏదేదో చెప్పి భయపెట్టింది. ఆయన మందు వద్దన్నడు. రెండు రోజులు ఆగిపోయింది. మనిషి మంచిదే గాని నోరు ఆగదు. ఆమె నోటి వల్లనే..."

అయిదు గంటలను రెండు రోజులు చేశాను. నాలుగు రోజులను మాయం చేశాను.

ఆమె లోపల, ఆ ఖాళీ అయిన మంచం దుప్పటి మారుస్తోంది.

మరుసటి రోజు పార్ట్‌నర్లు ఆమెను ఐసీయూ నుంచి తీసేసి, కింద ఓపీలో సూదుల గదిలో వేశారు. ఆమె అడ్డం చెప్పలేదు. అద్దం కింది కాగితాలన్నీ తీసి కొత్త నర్సుకు ఇచ్చి, తన స్టూలు మాత్రం కిందికి తెచ్చుకుంది. కొత్తగా చేరే నర్సులకు మా మేనేజరు ఈ కథను పాఠంలా చెప్పేవాడు. నేను విని ఊరుకున్నాను. వరండాలో ఎదురుపడితే ఆమె "నమస్తే సార్" అని పక్కకు తప్పుకునేది. ఇక నన్నేమీ అడగలేదు.

ఏడాది దాటాక ఆ రైతు నా ఓపీకి వచ్చాడు. బక్కచిక్కి ఉన్నాడు గాని నడిచి వచ్చాడు. మెడలో మాల ఉంది. పంఢర్‌పూర్ ప్రసాదం బల్ల మీద పెట్టి అన్నాడు: "మీరు పాలన్నరు, ఆమె గుడ్డన్నది. ఆమె నిజం చెప్పింది గనకనే చేప నూనెకు సై అన్న. లేకుంటే మీ మందులన్ని బంద్ చేయిస్తుంటి. మీ మీద కోపం లేదు సాబ్. గని తాయిని గా సూదుల రూంల ఎందుకు కూసోబెట్టిండ్రు?"

"పని తక్కువుంటదని ఆమే అడిగింది" అన్నాను. అది రెండో అబద్ధం. అతను నన్నొకసారి చూసి, ప్రసాదంలో సగం మళ్ళీ కాగితంలో చుట్టుకుని కిందికి వెళ్ళాడు. కాసేపటికి సూదుల గదిలోంచి ఇద్దరి నవ్వు వినబడింది.

నాలుగేళ్ళు ఆమె ఆ గదిలోనే పని చేసింది. టెటనస్ ఇంజెక్షనుకు వచ్చినవాడిని కూడా "ఏదైన పడదా బిడ్డా?" అని అడగకుండా సూది ముట్టలేదట. తర్వాత గుండె జబ్బుతో మానేసింది. ఇంటికి వెళ్ళి పలకరించాలని చాలాసార్లు అనుకున్నాను. పదకొండో రోజుకు వెళ్ళాను.

ఈ సోమవారం మా ఆసుపత్రి నర్సులందరినీ ఒక గదిలో కూర్చోబెట్టి, ఆరేళ్ళ కింద ఆ సోమవారం నుంచి ఆదివారం దాకా జరిగింది జరిగినట్టు చెప్పాను.  ఒక నర్సు, "మరి పెద్దక్క ఉన్నప్పుడు ఎందుకు చెప్పలే సార్?" అంది. పిరికితనం అని జవాబిచ్చాను. 

ఆ తర్వాత ఈ కాగితాలు తీసుకుని ఆమె కూతురి దగ్గరికి వెళ్ళాను. ఇప్పుడు నిజామాబాద్‌లో ఒక ఆసుపత్రి ఫార్మసీలో పని చేస్తోంది, సెలవు పెట్టి ఇంకా ఊళ్ళోనే ఉంది. మంచం మీద కూర్చుని మొదటినుంచి చివరిదాకా చదివింది. తల్లిలాగే, పెదవులు కదుపుతూ చదివింది.

"మెట్ల మీద నేనన్నది అమ్మకు తెలుసా?" అని అడిగాను.

"తెలుసు సార్. గా దినమే తెలిసింది."

"ఏమీ అనలేదా?"

"అన్నది. సార్ చెయ్యి మంచిది, నోరే పిరికిది అన్నది."

కాగితాలు తిరిగి నా చేతిలో పెట్టింది. "అంత మంచిగనే రాసిండ్రు. గని అమ్మ పేరు తీసెయ్యుండ్రి."

"ఎందుకమ్మా? ఆమెకు మంచి పేరు రావాలనే కద రాసింది."

"ఆరేండ్ల సంది గా ముచ్చటల అమ్మ పేరే తిరిగింది సార్. ఇగ మీ పేరు తిరగనియ్యుండ్రి."

అక్కడే, ఆ మంచం పక్కన కూర్చుని, పేరున్న ప్రతి చోటా కొట్టేశాను. ఒక ప్రతి ఆమెకిచ్చాను. ఇంకొకటి మా నర్సుల గదిలో గోడకు అంటించాను. దాని కింద నా సంతకం, నా పూర్తి పేరు ఉన్నాయి.